చలికాలంలో ఒంటరిగా సైకిల్ మీద దూరప్రయాణం: మొదటిసారి బయలుదేరేవారికి

పెడల్ తిరుగుతున్నంతసేపూ చలి మనల్ని పెద్దగా ఏమీ చేయదు. పది నిమిషాలు తొక్కేసరికి ఒళ్లు వేడెక్కుతుంది. అరగంటకి వీపు మీద చెమట పడుతుంది. గొడవంతా ఆగినప్పుడే. టైరు పంక్చరవుతుంది, లేదా దారి సరైనదో కాదో ఫోన్లో చూసుకోవాల్సి వస్తుంది, లేదా చెట్ల మీద మంచు బాగుందని ఫొటో కోసం దిగుతారు. కాళ్లు ఆగగానే ఒంట్లో వేడి పుట్టడం తగ్గిపోతుంది, లోపలి చొక్కాలో తడి మాత్రం ఎక్కడికీ పోదు. ఐదు నిమిషాల్లో వెన్నులోంచి చలి మొదలవుతుంది. ఇంకాసేపటికి వేళ్లు కొంకర్లు పోతాయి. ఆ వేళ్లతో ఇక ఏ పనీ కాదు.

అందుకే మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఇదే: చలికాలంలో ఎలా తొక్కాలన్నది మెల్లగా అదే వస్తుంది, ఎలా ఆగాలన్నది మాత్రం ముందే నేర్చుకుని వెళ్లాలి. ఏ బట్టలు, రోజుకి ఎంత దూరం, సంచీలో ఏది పైన ఏది కింద, అన్నీ ఒక ప్రశ్నతో తేలిపోతాయి: "ఇప్పుడు, ఇక్కడ, అరగంట ఆగాల్సివస్తే నేను తట్టుకోగలనా?" ఇంతవరకు మీరు చుట్టుపక్కల తిరగడమే తప్ప దూరాలు వెళ్లి ఉండకపోయినా ఫర్వాలేదు. ఐదారు వారాల టైం పెట్టుకోండి చాలు.

ఐదారు వారాల ముందు: తొక్కడం, ఆగడం, మళ్లీ తొక్కడం

మొదటి రెండు వారాలు వారానికి మూడుసార్లు 15–20 కిలోమీటర్లు తొక్కండి. మూడో వారంలో ఒకసారి 40కి వెళ్లండి. నాలుగో వారంలో వరసగా రెండు రోజులు 40 చొప్పున తొక్కండి. ఈ రెండో రోజే అసలు పరీక్ష. మొదటి రోజు ఉత్సాహంతో ఎవరైనా తొక్కేస్తారు. రెండో రోజు పొద్దున సీటు మీద కూర్చోగానే ఒరిసిన చోట మండుతుంది, మోకాళ్లు పట్టేసినట్టుంటాయి. అది ఇంటి దగ్గరే తెలిస్తే సరిచేసుకునే టైం ఉంటుంది.

మోకాలి నొప్పి చాలాసార్లు సీటు ఎత్తు వల్ల వస్తుంది. సీటు మీద కూర్చుని మడమను పెడల్ మీద పెట్టి పెడల్‌ని పూర్తిగా కిందికి తెండి. కాలు నిటారుగా సాగాలి, నడుము పక్కకి ఒరగకూడదు. తర్వాత పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అదే మీ ఎత్తు. బరువైన గేర్‌లో బలంగా తొక్కే అలవాటుంటే మానుకోండి. తేలిక గేర్‌లో నిమిషానికి 70–80 చుట్లు తిప్పితే మోకాళ్లు రోజంతా ఉంటాయి, చెమట కూడా తక్కువ పడుతుంది.

ఐదో వారంలో ప్రయాణంలో తీసుకెళ్లే సామానంతా కట్టుకుని వెళ్లండి. బరువుతో సైకిల్ వేరేలా నడుస్తుంది, బ్రేకు వేసినా వెంటనే ఆగదు. ఆ రోజు గంటసేపు తొక్కి, చెమట పట్టాక, గాలి తగిలే చోట కావాలని ఆగండి. వెనక చక్రం ఊడదీసి, ట్యూబు మార్చి, గాలి కొట్టి, మళ్లీ బిగించండి. చేతులకి గ్లోవ్స్ ఉండాలి.

నేను ఈ ప్రాక్టీస్ చేయకుండానే మొదటి ప్రయాణానికి వెళ్లాను. సాయంత్రం పొద్దుగూకే వేళ వెనక టైరు పోయింది. ట్యూబు మార్చడం నాకు వచ్చు, వేసవిలో ఎన్నోసార్లు మార్చాను. గ్లోవ్స్‌తో పట్టు దొరకడంలేదని తీసేశాను. రిమ్ము ఇనుపముక్కలా చల్లగా ఉంది. టైరు రబ్బరు గట్టిపడి అంచు దాటి రావడంలేదు. కాసేపటికి వాల్వు మూత రెండు వేళ్ల మధ్య ఉందో జారిపోయిందో కూడా తెలియలేదు, కళ్లతో చూస్తే గానీ. మూత కనిపిస్తోంది, వేళ్లు దాని మీదే ఉన్నాయి, తిప్పుతున్నానన్న స్పర్శ మాత్రం లేదు. చివరికి రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని వేడి చేసుకుంటూ, రెండు నిమిషాలు పని, మూడు నిమిషాలు చంకల్లో, అలా ముప్పావుగంటకి పైగా పట్టింది. ఆ ముప్పావుగంటే ఈ వ్యాసం రాయించింది.

దూరం లెక్క: వెలుతురుని బట్టి

చలికాలంలో రోజుకి ఎన్ని కిలోమీటర్లన్నది కాళ్ల బలం కన్నా ముందు వెలుతురు తేలుస్తుంది. ఉత్తరార్ధగోళంలో డిసెంబరు 21 చుట్టూ, దక్షిణార్ధంలో జూన్ 21 చుట్టూ పగలు అతి చిన్నది. భూమధ్యరేఖకి దూరం పోయేకొద్దీ అది ఇంకా తగ్గిపోతుంది. మీరు వెళ్లే తేదీకి, వెళ్లే చోటికి సూర్యోదయం, సూర్యాస్తమయం ఎప్పుడో ముందే రాసి పెట్టుకోండి.

లెక్క ఇలా వేయండి. పగలు 9 గంటలు అనుకుందాం. పొద్దున మొదటి గంట వదిలేయండి, రాత్రి పడిన మంచు రోడ్డు మీద అప్పుడే ఎక్కువ ఉంటుంది. సాయంత్రం చివరి రెండు గంటలూ వదిలేయండి, అవి అనుకోనివి జరిగితే వాడుకోవడానికి. మిగిలింది 6 గంటలు. అందులో తినడానికి, ఆగడానికి గంటన్నర తీసేస్తే నాలుగున్నర గంటలు. సామానుతో, చలిబట్టలతో కొత్తవాళ్ల సగటు వేగం గంటకి 12–14 కిలోమీటర్లే అనుకోండి. అంటే రోజుకి అటూఇటూగా 60. మొదటి రోజు ఇంకా తగ్గించి 40–45 పెట్టుకోండి. మ్యాప్ మీద చూస్తే ఇది చాలా తక్కువ అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించింది. కానీ చల్లగాలి చిక్కగా ఉంటుంది: 20 డిగ్రీల గాలితో పోలిస్తే 0 డిగ్రీల గాలి సాంద్రత సుమారు 7 శాతం ఎక్కువ. దానికి లావు బట్టలు, బురద, ఎదురుగాలి తోడైతే వేసవిలో మీ వేగం ఇక్కడ లెక్కకి రాదు.

దారి గీసుకునేటప్పుడు ప్రతి 15–20 కిలోమీటర్లకి తలదాచుకునే చోటు ఒకటి గుర్తు పెట్టుకోండి. బస్ షెల్టర్, రైల్వే స్టేషన్, పెట్రోల్ బంకు, దుకాణం, ఏదైనా సరే నాలుగు గోడలు లేదా కనీసం గాలి ఆగే గోడ ఉండాలి. చలికాలంలో కొన్ని మూసేసి ఉంటాయి కాబట్టి తెరిచి ఉంటాయో లేదో ముందే కనుక్కోండి. ప్రయాణం వదిలేసి వెనక్కి రావాల్సివస్తే ఎక్కడినుంచి బస్సు గానీ రైలు గానీ దొరుకుతుంది, అందులో సైకిల్ ఎక్కించనిస్తారా అన్నది కూడా ఇప్పుడే తెలుసుకోవాలి. తడిసి వణుకుతూ ఆ వెతుకులాట చేయడం చాలా కష్టం.

ఇంకో మాట. గాలి ఎటునుంచి వీస్తుందో చూసుకుని, వీలైతే ప్రయాణ దిశనే మార్చుకోండి. అదే దారిలో అటునుంచి ఇటు వస్తే గాలి వెనకనుంచి తోస్తుంది.

సైకిల్ సిద్ధం చేయడం

కొత్త సైకిల్ కొనాల్సిన పనిలేదు. ఉన్న సైకిల్‌కి 35 మిల్లీమీటర్లు, ఆ పైన వెడల్పున్న టైర్లు పడతాయా, క్యారియర్, మడ్‌గార్డులు బిగించొచ్చా అన్నది చూడండి. మడ్‌గార్డు లేకుండా మాత్రం వెళ్లకండి. చక్రం చిమ్మే చల్లటి నీళ్లు నేరుగా పాదాల మీదా, నడుం కిందా పడతాయి. రెండు గంటల్లో మీ బూట్లు తడిసిపోతాయి, ఆ తర్వాత ఏ సాక్సూ పనిచేయదు.

రోడ్డు మీద పలచటి ఐసు పట్టే ప్రాంతమైతే స్టడ్లున్న టైర్లు వేయించుకోండి. చిన్న చిన్న గట్టి లోహపు మొనలు ఐసుని కరిచి పట్టుకుంటాయి. ఒకటే కొనగలిగితే ముందు చక్రానికి వేయండి. వెనక చక్రం జారితే చాలాసార్లు సర్దుకోవచ్చు, ముందుది జారితే సర్దుకునే లోపే కింద ఉంటారు. కొత్త స్టడ్ టైర్లని మొదటి 40–50 కిలోమీటర్లు మామూలు రోడ్డు మీద, సడెన్ బ్రేకులు లేకుండా తొక్కితే మొనలు రబ్బరులో బాగా కూర్చుంటాయి. వాటి అవసరం లేని ప్రాంతమైతే మామూలు వెడల్పు టైర్లు చాలు.

గాలి సంగతి చాలామంది మర్చిపోతారు. గదిలో 20 డిగ్రీల దగ్గర 4 బార్ (గాలి ఒత్తిడి కొలత) గాలి కొట్టి 0 డిగ్రీల చలిలోకి తెస్తే అది 3.7 బార్‌కి దిగుతుంది. అందుకని బయటే, చల్లబడ్డాక చూసి కొట్టండి. తడి రోడ్డు మీద మామూలు కన్నా కొద్దిగా తక్కువ గాలి ఉంటే పట్టు బాగుంటుంది. మరీ తగ్గిస్తే గుంటలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకి నలిగి చిరుగుతుంది.

చలికి గ్రీజు చిక్కబడుతుంది. బాగా చలి ఉన్నచోట వెనక హబ్బులో, అంటే చక్రం మధ్యలో ఇరుసు ఉండే భాగంలో, గ్రీజు చిక్కబడి, లోపలి పళ్లు పట్టుకోక, పెడల్ ఊరికే తిరిగిపోవడం కూడా ఉంది. ఇది ఇప్పటి సంగతి కాదు. 1900 ఫిబ్రవరిలో ఎడ్ జెసన్ అనే ఆయన కెనడాలోని డాసన్ నుంచి అలాస్కాలోని నోమ్ దాకా, గడ్డకట్టిన యూకాన్ నది మీదుగా సైకిల్ తొక్కుకుంటూ వెళ్లాడు. ఆ చలికి బేరింగుల్లో నూనె గడ్డకట్టిందనీ, టైర్లు గొట్టాల్లా బిగుసుకుపోయాయనీ డైరీలో రాసుకున్నాడు. అదే ఏడాది అదే దారిన వెళ్లిన మ్యాక్స్ హిర్ష్‌బర్గ్‌కి చైన్ తెగిపోతే, కోటుని తెరచాపలా కట్టి, గాలి తోస్తుంటే ఐసు మీద సాగిపోయాడు. మీకు అంత అవసరం రాకూడదంటే బయలుదేరే ముందు హబ్బులు విప్పించి చలికి తగిన పలచటి గ్రీజు పెట్టించండి, చైన్‌కి తడివాతావరణానికి వాడే లూబ్రికెంట్ వేయండి, చైన్ లింకు ఒకటి స్పేర్‌గా దగ్గర ఉంచుకోండి. రోడ్లమీద ఉప్పు చల్లే దేశాల్లో ప్రతి రాత్రీ చైన్ తుడవాలి, లేదంటే నాలుగు రోజులకే తుప్పు కనిపిస్తుంది.

బ్రేకులు: రిమ్ము మీద పట్టే రబ్బరు బ్రేకులైతే తడిసినప్పుడు మొదటి ఒకటి రెండు చుట్లు అస్సలు పట్టవు, నీళ్లు తుడుచుకుపోయాకే పడతాయి. దిగుడు మొదలయ్యే ముందే మెల్లగా నొక్కి ఆరబెట్టుకోవాలి. డిస్క్ బ్రేకులున్నవాళ్లకి ఈ టెన్షన్ తక్కువ.

లైట్లు ముందు రెండు, వెనక రెండు. పగలు కూడా వెలగాలి. పొగమంచులో ముందు లైటుని కొంచెం కిందికి వంచండి, ఎత్తుగా పెడితే మంచు తెరలో కాంతి వెనక్కి కొట్టి కళ్లకే అడ్డం పడుతుంది.

బట్టలు

సూత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి: బయలుదేరిన మొదటి పది నిమిషాలు మీకు కొద్దిగా చలి వేయాలి. గడప దగ్గరే వెచ్చగా ఉన్నారంటే బట్టలు ఎక్కువయ్యాయని అర్థం. మూడో కిలోమీటరుకి చెమట పడుతుంది, ఆగినప్పుడు ఆ చెమటే మిమ్మల్ని వణికిస్తుంది. నీళ్లు గాలి కన్నా సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తాయి. తడిసిన చొక్కా వేసుకుని నిలబడటం అంటే అదే.

ఒంటికి తగిలే పొర కాటన్ కాకూడదు. కాటన్ చెమటని పీల్చుకుని అలాగే పట్టుకుంటుంది. పలచటి ఉన్ని, లేదా తొందరగా ఆరే సింథటిక్ వేసుకోండి. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం ఉంటుంది కాబట్టి నా ఓటు దానికే. దాని మీద ఫ్లీస్ లాంటిది ఒకటి, జిప్పు ఉన్నదైతే మంచిది. పైన గాలి ఆపే జాకెట్. చంకల కింద జిప్పులుంటే ఎక్కుళ్లలో తెరుచుకోవచ్చు.

ఎక్కుడు, దిగుడు చలికాలంలో రెండు వేర్వేరు వాతావరణాలు. ఎక్కేటప్పుడు చెమట, దిగేటప్పుడు గాలి. గాలిలో ఉష్ణోగ్రత 5 డిగ్రీలున్నా గంటకి 30 కిలోమీటర్ల వేగంతో దిగుతుంటే మొహానికి 0 డిగ్రీల చలిలా తగులుతుంది. 0 డిగ్రీల దగ్గర 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తే మైనస్ 5లా ఉంటుంది. అందుకని ఎక్కుడు మొదలయ్యే ముందే జిప్పు తెరవండి, అవసరమైతే ఒక పొర తీసేయండి. పైకి చేరాక అక్కడ కూర్చుని సేద తీరకుండా, వెంటనే జాకెట్ వేసుకుని మెడ దాకా జిప్పు పెట్టుకుని దిగండి. దిగేటప్పుడు కాళ్లు ఊరికే పెట్టకుండా, బలం పెట్టకపోయినా, తిప్పుతూనే ఉండండి.

తలకి హెల్మెట్ కింద పట్టే పలచటి టోపీ, చెవులు మూసేది. మెడకి చుట్టుకునే గొట్టంలాంటి బఫ్ ఒకటి, ముక్కు మీదకి లాక్కుంటే లోపలికి పోయే గాలి కాస్త వేడెక్కుతుంది. చల్లటి పొడిగాలికి ఆస్తమా ఉన్నవాళ్లకి ఛాతీ పట్టేస్తుంది. మీకు ఆ సమస్య ఉంటే ముందు డాక్టర్ని అడగండి, ఇన్‌హేలర్‌ని లోపలి జేబులో, ఒంటి వేడికి దగ్గరగా పెట్టుకోండి.

చేతులు, పాదాలు

ఒంట్లో వేడి తగ్గినప్పుడు శరీరం ముందు గుండె, ఊపిరితిత్తుల్ని కాపాడుకుంటుంది, చేతులకీ పాదాలకీ రక్తం తగ్గించేస్తుంది. కాబట్టి వేళ్లు చల్లబడితే ఇంకో గ్లోవ్ వెతకడం కన్నా ముందు ఛాతీకి ఒక పొర వేసుకోండి, తలకి టోపీ పెట్టుకోండి. చాలాసార్లు వేళ్లు వాటంతటవే తేరుకుంటాయి.

హ్యాండిల్‌కి బిగించే మిట్స్ అని ఉంటాయి, బ్రేకుల మీదుగా తొడుగులా ఉండి చేయి అందులోకి దూరుతుంది. చూడ్డానికి అంత బాగుండవు, కానీ చలికాలం సైకిల్ ప్రయాణానికి నేను కొన్న వస్తువుల్లో ఇంత ఉపయోగపడింది మరొకటి లేదు. వాటి లోపల పలచటి గ్లోవ్స్‌తోనే నడుస్తుంది, ఆ పలచటి గ్లోవ్స్‌తో ట్యూబు కూడా మార్చొచ్చు. గ్లోవ్స్ రెండు జతలు తీసుకెళ్లండి, ఒకటి ఎప్పుడూ పొడిగా సంచీలో ఉండాలి.

పాదాల విషయంలో అందరూ చేసే తప్పు రెండు లావు సాక్సులు తొడిగి బూటు బిగించడం. బిగుతుగా ఉంటే రక్తం సరిగ్గా ఆడదు, పాదం ఇంకా చల్లబడుతుంది. ఒక సైజు పెద్ద బూటు, ఒకటే మంచి ఉన్ని సాక్సు, లోపల వేళ్లు ఆడించగలగాలి. కొత్తవాళ్లకి మామూలు చదును పెడల్సే మేలు: ఏ బూటైనా వేసుకోవచ్చు, జారినప్పుడు వెంటనే కాలు కింద పెట్టొచ్చు. పాదాలు మొద్దుబారాయనిపిస్తే దిగి ఐదు నిమిషాలు సైకిల్‌ని నడిపించుకుంటూ వెళ్లండి. నొప్పి పుట్టి, తర్వాత వెచ్చబడతాయి. నొప్పి పోయి ఏమీ తెలియకపోవడమే ప్రమాదం.

సంచీలు సర్దడం

బరువైనవి కింద, క్యారియర్‌కి రెండువైపులా సమానంగా. ఏ సంచీ అయినా లోపల మందపాటి ప్లాస్టిక్ కవర్ వేసి సర్దండి. మిగతాదంతా మీ ఇష్టం. ఒక్క సంచీ మాత్రం నేను చెప్పినట్టు సర్దండి. దాన్ని నేను ఆగుడు సంచీ అంటాను. ఇది అన్నిటికన్నా పైన, ఒక్క క్లిప్పు తీస్తే తెరుచుకునేలా ఉండాలి. అందులో ఇవి మాత్రమే:

దూది నింపినట్టుండే లావు జాకెట్, తొక్కేటప్పుడు ఎప్పుడూ వేసుకోనిది
పొడి గ్లోవ్స్, పొడి టోపీ
తలకి పెట్టుకునే లైటు
కూర్చోవడానికి ఫోమ్ ముక్క
రేకులా మెరిసే ఎమర్జెన్సీ దుప్పటి
రెండు కొత్త ట్యూబులు, టైరు లీవర్లు, పంపు, మల్టీ టూల్

ట్యూబులు కొత్తవే ఎందుకంటే, చలిలో తడి ట్యూబు మీద ప్యాచ్ గమ్ సరిగ్గా అంటుకోదు, ఆరడానికి చాలాసేపు పడుతుంది. దారిలో ట్యూబు మార్చేయండి, ప్యాచ్ పని రాత్రి గదిలో చేసుకోండి. మల్టీ టూల్‌కి గుడ్డ టేపు చుట్టి పెడితే చల్లటి లోహం నేరుగా వేళ్లకి తగలదు. ఫోమ్ ముక్క చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, చల్లటి రాయి మీదో నేల మీదో కూర్చుంటే ఒంటి వేడి కిందినుంచి పోతూనే ఉంటుంది.

ఫోన్, పవర్ బ్యాంక్ సంచీలో పెట్టకండి. చలికి లిథియం బ్యాటరీ శక్తి తగ్గిపోతుంది, 40 శాతం చూపిస్తూనే ఫోన్ ఆగిపోవచ్చు. లోపలి జేబులో ఒంటికి దగ్గరగా ఉంచుకోండి. 0 డిగ్రీల కన్నా తక్కువలో ఛార్జింగ్ పెడితే బ్యాటరీ పాడవుతుంది, ముందు వెచ్చబడనివ్వండి. దారి మొత్తం ఒక కాగితం మీద కూడా రాసి జేబులో పెట్టుకోండి.

నీళ్లు, తిండి

చలిలో దాహం తెలియదు, కానీ ఊపిరితో, చెమటతో నీళ్లు పోతూనే ఉంటాయి. 20 నిమిషాలకోసారి నాలుగు గుక్కలు తాగాలని నియమం పెట్టుకోండి. గోరువెచ్చని నీళ్లతో బయలుదేరండి. గడ్డకట్టే చలైతే బాటిల్‌ని తలకిందులుగా పెట్టండి. ఐసు పైనుంచి మొదలవుతుంది కాబట్టి మూత వైపు నీళ్లు ఇంకా నీళ్లుగానే ఉంటాయి. ఫ్లాస్కులో వేడిగా ఏదైనా ఒకటి ఉంచుకోండి, ఆగినప్పుడు మాత్రమే తాగడానికి.

తినడం కూడా అంతే. ఆకలి వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే, వేడి పుట్టించే ఇంధనం అదే కదా. గంటకి 30–60 గ్రాముల పిండిపదార్థం పడేలా కొద్దికొద్దిగా తింటూ ఉండండి. గట్టిపడి పళ్లకి తెగనివి వద్దు. గ్లోవ్ తీయకుండా అందేలా ముందే చిన్న ముక్కలుగా చేసి జేబులో వేసుకోండి. మద్యం జోలికి మాత్రం పోకండి. వెచ్చగా అనిపిస్తుంది గానీ చర్మంలోకి రక్తం ఎక్కువ పారి ఒంట్లో వేడి బయటికి పోతుంది.

రోడ్డు మీద

వంతెనలు అన్నిటికన్నా ముందు గడ్డకడతాయి, ఎందుకంటే వాటి కింద నేల వేడి ఉండదు, పైనా కిందా చల్లగాలే. తర్వాత చెట్ల నీడ పడే మలుపులు, కొండకి నీడవైపు దారులు. రోడ్డు తడిగా మెరుస్తూ, ముందు వెళ్లే బండి చక్రాలనుంచి నీళ్లు చిమ్మడం లేదంటే అది ఐసు కావచ్చు.

ఐసు మీదకి వచ్చేశాక చేయాల్సింది చాలా తక్కువ. హ్యాండిల్ నిటారుగా, బ్రేకు ముట్టుకోకుండా, పెడల్ మెల్లగా తిప్పుతూ దాటేయండి. తప్పనిసరైతే వెనక బ్రేకు, అదీ మెత్తగా. ముందే కనిపిస్తే దిగి అంచున నడవండి. నడిచిన రెండు వందల మీటర్లకి మహా అయితే మూడు నిమిషాలు పోతాయి.

పొగమంచు దట్టంగా ఉంటే బయలుదేరడం వాయిదా వేయండి. మధ్యలో కమ్ముకుంటే రోడ్డు దిగి, పక్కన సురక్షితమైన చోట లైట్లు వెలిగించే ఉంచి ఆగండి. వెనకనుంచి వచ్చే డ్రైవరుకి మీరు కనిపించడం లేదని అనుకునే తొక్కాలి. మంచు పరుచుకున్న చోట ఎండ కూడా ఉంటే కళ్లజోడు తప్పనిసరి. కొత్త మంచు తన మీద పడిన అతినీలలోహిత కిరణాల్లో 80 శాతానికి పైగా వెనక్కి కొట్టగలదు.

ఆగే పద్ధతి

దీన్ని ఒక వరసలో అలవాటు చేసుకోండి, ఆలోచించకుండా చేతులు చేసేయాలి.

ఆగబోయే ముందు చివరి ఐదు నిమిషాలు వేగం తగ్గించి, జిప్పు తెరిచి తొక్కండి, చెమట కొంత ఆరుతుంది. గాలికి అడ్డం ఉన్న చోటు చూసుకుని ఆగండి. సైకిల్ నిలబెట్టగానే, ఇంకే పనీ మొదలుపెట్టకముందే, ఆగుడు సంచీలోంచి లావు జాకెట్ తీసి ఉన్న బట్టల మీదే వేసుకోండి. "రెండు నిమిషాలే కదా" అని అస్సలు అనుకోకండి, ఒకసారి పోయిన వేడిని తిరిగి తెచ్చుకోవడానికి చాలా టైం పడుతుంది. టోపీ మార్చండి. వేడిది రెండు గుక్కలు తాగి, ఒక ముక్క నోట్లో వేసుకోండి. అప్పుడు పంక్చర్ పని మొదలుపెట్టండి. టైరు లోపల వేలితో కాకుండా గుడ్డతో తడమండి, మొద్దుబారిన వేలికి గాజుముక్క గుచ్చుకున్నా తెలియదు. ట్యూబుని కాసేపు జాకెట్‌లో వెచ్చబెట్టి వేస్తే మెత్తగా ఉంటుంది.

మళ్లీ బయలుదేరేటప్పుడు లావు జాకెట్ చివరి క్షణంలో తీసి సంచీలో పెట్టండి. దాన్ని వేసుకుని తొక్కితే చెమటకి తడిసిపోతుంది, తర్వాత ఆగినప్పుడు మీకు పొడి జాకెట్ ఉండదు.

ఒంటరిగా ఉన్నప్పుడు మీ మీద మీరే కన్నేయాలి

పక్కన ఎవరైనా ఉంటే "ఏంటి మాట తడబడుతోంది?" అని అడుగుతారు. ఒంటరిగా ఉన్నప్పుడు అడిగేవాళ్లు లేరు. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కన్నా తగ్గితే దాన్ని హైపోథర్మియా అంటారు. అది మెదడుని కూడా మందగింపజేస్తుంది కాబట్టి, మనకి అయ్యిందని మనకే తెలియకపోవడం దానిలోని కష్టం. అందుకే ఆగిన ప్రతిసారీ రెండు పరీక్షలు చేసుకోండి. బొటనవేలిని అదే చేతి చిటికెనవేలికి ఆనించండి. ఆనకపోతే చేయి బాగా చల్లబడ్డట్టే. తర్వాత మీ పేరు, ఈ రాత్రి దిగే చోటు, ఇంకెన్ని కిలోమీటర్లు ఉన్నాయో గట్టిగా పైకి చెప్పండి. మాట ముద్దగా వస్తే, లెక్క తేలకపోతే, ఎందుకో చిరాకుగా ఉంటే ఆ రోజు ప్రయాణం అక్కడితో ఆపేయండి. దగ్గర్లోని గోడల మధ్యకి వెళ్లండి, తడి బట్టలు తీసేసి పొడివి వేసుకోండి, సాయం పిలవండి. గజగజ వణుకుతూ ఉన్నంతవరకు శరీరం పోరాడుతోందని అర్థం. వేడి తగలకుండానే వణుకు ఆగిపోతే అది అత్యవసరం, వెంటనే ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేయాలి.

ముక్కు, చెవులు, వేళ్లు తెల్లగా పాలిపోయి స్పర్శ లేకపోతే వాటిని రుద్దకండి, మంచుతో అసలే రుద్దకండి. వెచ్చటి అరచేతితో కప్పండి, లేదా చంకలో పెట్టుకోండి. రంగు తిరిగి రాకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఇంట్లోనో, స్నేహితుల్లోనో ఒక్కరికి మీ దారి మొత్తం ఇవ్వండి. రోజుకి రెండుసార్లు, ముందే చెప్పిన టైంకి మెసేజ్ పెట్టండి. ఆ టైం దాటి రెండు గంటలైనా కబురు లేకపోతే వాళ్లు ఎవరికి ఫోన్ చేయాలో కూడా రాసి ఇవ్వండి. "ఏం కాదులే, సిగ్నల్ లేదేమో" అని వాళ్లు ఎదురుచూస్తూ కూర్చోకుండా ఈ మాట ముందే గట్టిగా అనుకోవాలి.

రోజూ మధ్యాహ్నం ఒక టైం పెట్టుకోండి, ఉదాహరణకి 1 గంట. అప్పటికి సగం దూరం దాటకపోతే, ముందు ఎంత బాగున్నా సరే, అంతకుముందు గుర్తుపెట్టుకున్న దగ్గరి బసకే వెళ్లిపోవాలి. ఈ నిర్ణయం ఇంటి దగ్గర, వెచ్చగా ఉన్నప్పుడు తీసుకుని వెళ్లండి. రోడ్డు మీద అలిసిపోయి ఉన్నప్పుడు "ఇంకో 15 కిలోమీటర్లే కదా" అనిపిస్తుంది, ఆ పదిహేనూ చీకట్లోనే పడతాయి.

రాత్రి బస దగ్గర

మొదటి ప్రయాణానికి టెంట్ వద్దని నా సలహా. నాలుగు గోడల మధ్య ఆరబెట్టుకునే వీలుంటే మరుసటి రోజు సగం గెలిచినట్టే. తప్పక టెంట్‌లోనే ఉండాల్సివస్తే లోపల స్టవ్ వెలిగించి చలి కాచుకోవాలనుకోకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

చేరగానే ముందు తడి బట్టలు మార్చుకోండి, తర్వాత చేరానని మెసేజ్, తర్వాత భోజనం. బూట్లలో పాత కాగితాలు ఉండలు చుట్టి కుక్కండి, గంటకోసారి మార్చితే తెల్లారేసరికి చాలావరకు ఆరతాయి. హీటరుకి మరీ దగ్గర పెట్టకండి, అతుకులు ఊడిపోతాయి. లైట్లు, ఫోన్ ఛార్జింగ్ పెట్టండి. సైకిల్ బయట ఉంటే తాళంలోకి నీళ్లు పోకుండా చిన్న కవరు తొడగండి, గడ్డకడితే పొద్దున తాళం తిరగదు. చైన్ తుడిచి రెండు చుక్కలు లూబ్రికెంట్ వేయండి. టైర్ల మీద లైటు వేసి మెల్లగా తిప్పుతూ చూస్తే, లోపలికి దిగని చిన్న గాజుపెంకులు కనిపిస్తాయి, చాకు మొనతో తీసేయండి. చివరగా ఆగుడు సంచీ తెరిచి, పగలు వాడినవన్నీ ఆరబెట్టి, పొడివి మళ్లీ అదే వరసలో సర్ది, జాకెట్ పైకి వచ్చేలా పెట్టి, క్లిప్పు వేసి పడుకోండి.